రేపటి కూటి దిగులు

ఆకలి అనగానే అందరం కడుపు గురించే మాట్లాడుకుంటాం. ఎండిన డొక్కలు, బరువు పెరగని పిల్లలు, ఒంట్లో రక్తం లేని తల్లులు. ఇవి కంటికి కనబడతాయి, తూకానికీ కొలతకీ అందుతాయి. అందుకే వాటి లెక్కలు మన దగ్గర బోలెడున్నాయి. ఇవాళ మీకు, పిల్లలూ, అదే ఆకలి మనసుని ఏం చేస్తుందో చెప్పాలనుంది. అంతకన్నా ముఖ్యంగా, ఈ పూటకి తిన్నా రేపు పొయ్యి వెలుగుతుందో లేదో తెలియని ఇంట్లో మనుషుల మనసు ఏమైపోతుందో చెప్పాలి. సైన్సు ఈ సంగతి ఆలస్యంగా పట్టించుకుంది. పట్టించుకున్నాక తేలినవి మాత్రం మనం తెలుసుకుని తీరాల్సినవి.

ముందు ఒక పాత ప్రయోగం గురించి వినండి.

రెండో ప్రపంచ యుద్ధం ముగింపుకొస్తున్న రోజులు. ఐరోపాలో లక్షల మంది తిండి లేక అలమటిస్తున్నారు. యుద్ధం ఆగాక వాళ్ళకి తిండి పెట్టాలి, సరే. కానీ నెలల తరబడి మాడిన మనిషికి ఎంత పెట్టాలి, ఏం పెట్టాలి, ఎన్నాళ్ళకి తేరుకుంటాడు? ఇవేవీ వైద్యులకి సరిగ్గా తెలియవు. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త ఉండేవాడు. ఆరోగ్యంగా ఉన్న కొందరిని అర్ధాకలితో ఉంచి చూస్తే తప్ప ఇది తేలదన్నాడు. అలాంటిదానికి ఎవరొస్తారంటారా? వచ్చారు. మనిషిని చంపడం మా విశ్వాసానికి విరుద్ధం, తుపాకీ పట్టుకోం అని చెప్పి, సైన్యానికి బదులు ప్రజలకి పనికొచ్చే పనులు చేస్తున్న యువకులు ముందుకొచ్చారు. తాము కొన్నాళ్ళు ఆకలికి ఓర్చుకుంటే ఎక్కడో ఉన్న అన్నార్తులకి మేలు జరుగుతుందని నమ్మారు. వాళ్ళలో ఒంట్లోనూ మనసులోనూ దిటవుగా ఉన్న 36 మందిని పరీక్షించి మరీ ఎంచుకున్నారు.

1944 నవంబరులో విశ్వవిద్యాలయం స్టేడియం కింది గదుల్లో ప్రయోగం మొదలైంది. మొదటి 12 వారాలు రోజుకు సుమారు 3,200 కేలరీల మామూలు భోజనం. తర్వాత 24 వారాలు అందులో సగం, దాదాపు 1,570 కేలరీలు. రోజుకు రెండే పూటలు. బంగాళాదుంపలు, టర్నిప్పులు, రొట్టె, మాకరోనీ. అంటే యుద్ధం నాటి ఐరోపాలో దొరికే తిండే. దాంతోపాటు వారానికి 22 మైళ్ళు నడవాలి. ఆరు నెలలు తిరిగేసరికి ఒక్కొక్కరూ తమ బరువులో నాలుగో వంతు పోగొట్టుకున్నారు.

శరీరం సంగతి ఊహించిందే. గుండె నెమ్మదించింది, ఒళ్ళు చల్లబడింది, ఎండాకాలంలో కూడా దుప్పట్లు అడిగారు. మనసు సంగతే ఎవరూ ఊహించలేదు.

భోజనాల బల్ల దగ్గర ఏం జరిగిందో చూడండి. మొదట్లో కబుర్లు చెప్పుకుంటూ తిన్నవాళ్ళే, రానురాను పక్కవాడి మొహం చూడకుండా తినడం మొదలుపెట్టారు. పళ్ళెంలో ఉన్న కాస్త దుంపకూరలో నీళ్ళు కలిపి, అటు జరిపి ఇటు జరిపి, చిన్న చిన్న ముద్దలుగా చేసుకుని గంటల తరబడి తిన్నారు. చివరికి పళ్ళెం నాకారు. చదువుకున్నవాళ్ళు, మర్యాదస్తులు, ఒక ఆశయం కోసం వచ్చినవాళ్ళు! ఆకలి మరిపించుకోడానికి చూయింగ్ గమ్ పేకెట్లకి పేకెట్లు నమిలారు. కాఫీ కప్పుల మీద కప్పులు తాగారు. కొందరు వంటల పుస్తకాలు పోగేసి, నవలలు చదివినట్టు రాత్రుళ్ళు చదువుకున్నారు. సినిమాకి వెళితే కథ గుర్తుండేది కాదు, అందులో ఎవరెవరు ఏం తిన్నారో గుర్తుండేది. రాజకీయాలు, మతం, చదువు, ప్రేమ అన్నీ మాటల్లోంచి జారిపోయి తిండి ఒక్కటే మిగిలింది. స్నేహితులు దూరమయ్యారు. చిన్న మాటకే కస్సుమనేవారు, కాసేపటికే దిగులుగా మూల కూర్చునేవారు. మానసిక పరీక్షల్లో కుంగుబాటు సూచించే అంకెలు పైకి పోయాయి. ఒకతను తనకు తానే తీవ్రంగా గాయం చేసుకున్నాడు. కావాలని చేశానా, ప్రమాదమా అన్నది తర్వాత అతనికే తేలలేదు.

ఇంకో విచిత్రం. మాకు బుర్ర పనిచేయడం లేదు, దేనిమీదా ధ్యాస నిలవడం లేదు అని అందరూ గోలపెట్టారు. తెలివితేటల పరీక్షలు పెట్టి చూస్తే పెద్దగా తేడా రాలేదు. తెలివి ఎక్కడికీ పోలేదు. దాన్ని మరో పనికి పెట్టనివ్వకుండా తిండి ధ్యాస మొత్తం ఆక్రమించింది. మళ్ళీ తిండి పెంచాక కూడా మనసు వెంటనే కుదుటపడలేదు. కొందరికి ఆ తేరుకునే రోజుల్లోనే చిరాకు, నిరాశ ఇంకా ఎక్కువయ్యాయి. కడుపు నిండా తిని లేచినా ఇంకా ఆకలే అనేవారు. ఈ వివరాలన్నీ కీస్ బృందం 1950లో రెండు పెద్ద సంపుటాలుగా అచ్చువేసింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఈ 36 మందికి ఒక పెద్ద ధైర్యం ఉంది. ఇది ఫలానా నెలలో అయిపోతుందని తెలుసు. అప్పటిదాకా ఎంత కొంచెమైనా వేళకి పళ్ళెం ముందుకొస్తుందని తెలుసు. జ్వరమొస్తే చూడడానికి డాక్టర్లున్నారు. నెత్తిన పెళ్ళాంపిల్లల భారం లేదు. తమ పస్తు ఒక మంచి పనికని గర్వం కూడా ఉంది. ఇన్ని ధైర్యాలుండి కూడా మనసు అలా చితికిపోయింది.

ఇప్పుడు మన నేలకి రండి. 1876–78ల మధ్య మద్రాసు ప్రెసిడెన్సీని పీల్చి పిప్పి చేసిన ధాత కరువు గురించి బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాల్లో తరతరాలుగా చెప్పుకుంటూనే ఉన్నారు. అప్పటి ఆంగ్ల ప్రభుత్వం కరువు పనులు పెట్టి, ఖర్చు తగ్గించడానికి సర్ రిచర్డ్ టెంపుల్‌ని పంపింది. 1877 మొదట్లో ఆయన మగకూలీకి నిర్ణయించిన రోజు కూలి ఒక పౌను ధాన్యానికి సరిపడే సొమ్ము, పైన ఒక అణా. పౌను అంటే 450 గ్రాములు. లెక్క కట్టండి. బియ్యమైనా జొన్నలైనా వంద గ్రాములకి సుమారు 350 కేలరీలు. మొత్తం 1,570 దరిదాపుల్లో వస్తుంది. మిన్నెసోటా కుర్రాళ్ళ పళ్ళెంలో పడినంతే! పైనున్న అణాతో ఉప్పూ పప్పూ, మిగతావన్నీ. ఆ తిండితో మట్టి తవ్వాలి, రాళ్ళు మోయాలి. ఈ కూలి చాలదని మద్రాసు పారిశుధ్య కమిషనరు కార్నిష్ గట్టిగా వాదించాడు కూడా. ఆ శిబిరాల్లోని మన ముత్తాతలకి కరువు ఎప్పుడు పోతుందో తెలియదు. పక్కన పిల్లలు ఏడుస్తుంటే వాళ్ళ మనసులు ఏమయ్యాయో అడిగి రాసుకున్నవాళ్ళు లేరు. మిన్నెసోటా ప్రయోగం చదివినప్పుడల్లా నాకు ఆ రాయని పుస్తకమే గుర్తొస్తుంది.

అయితే తాతయ్యా, ఇప్పుడు అంతంత కరువులు లేవుగా అంటారు మీరు. నిజమే. ఇప్పుడున్నది వేరే రకం. తిండి జనవరిలో ఉంటుంది, మార్చిలో ఉండదు. జీతం వచ్చిన వారం ఉంటుంది, నెలాఖరుకి ఉండదు. పనికి పిలుపొస్తే ఉంటుంది, ముసురు పట్టి ఇంట్లో కూర్చుంటే ఉండదు. దీన్నే ఇవాళ ఆహార అభద్రత అంటున్నారు. ఐక్యరాజ్య సమితి సంస్థల లెక్క ప్రకారం 2024లో ప్రపంచంలో 230 కోట్ల మంది ఏదో ఒక మేరకి ఈ అనిశ్చితిలో బతికారు. పూర్తిగా ఆకలితో ఉన్నవాళ్ళు 67 కోట్ల పైచిలుకు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న 160 కోట్ల మంది కథే ఇవాళ్టి మన కథ. చాలా రోజులు వాళ్ళు ఏదో ఒకటి తింటూనే ఉన్నారు. కానీ నిశ్చింతగా తినడం లేదు.

దీన్ని కొలవడం ఎలా? 1980ల చివర్లో న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మంచి పని చేశారు. ఆకలంటే ఏమిటో మేం చెప్పడం కాదు, అనుభవించినవాళ్ళనే అడుగుదాం అని 32 మంది స్త్రీల దగ్గర కూర్చుని ఓపిగ్గా విన్నారు. వాళ్ళ మాటల్లోంచి ఒక వరస తేలింది. మొట్టమొదట వచ్చేది దిగులు. సరుకులు నెలాఖరు దాకా వస్తాయా అన్న దిగులు. తర్వాత తిండి రకం తగ్గుతుంది, కూర పోయి పచ్చడి మిగులుతుంది. తర్వాత పెద్దవాళ్ళు తమ వాటా తగ్గించుకుంటారు. పిల్లల కంచం దాకా వచ్చేది ఆఖర్న. ఇంకా ఒకటి చెప్పారు ఆ తల్లులు: సిగ్గుపడే దారుల్లో తిండి తెచ్చుకోవాల్సి రావడం కూడా ఆకలిలో భాగమేనని.

ఇవాళ ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ దేశదేశాల్లో అడుగుతున్న ఎనిమిది ప్రశ్నలకి మూలం అక్కడుంది. గడిచిన 12 నెలల్లో డబ్బు లేక, మరో ఆధారం లేక, తినడానికి చాలదేమోనని దిగులుపడ్డారా? ఇదీ మొదటి ప్రశ్న. పుష్టికరమైన తిండి తినలేకపోయారా, తిన్నవే తినాల్సి వచ్చిందా, పూట మానేశారా, తక్కువ తిన్నారా, ఇంట్లో సరుకులు నిండుకున్నాయా, ఆకలేసినా తినలేదా అని ఒక్కొక్క మెట్టూ దిగి, చివరికి ఒక రోజంతా ఏమీ తినకుండా ఉన్నారా అని అడుగుతారు. ఆకలిని కొలిచే కొలబద్ద దిగులుతో మొదలవుతోంది, గమనించారా?

2014లో ఈ ప్రశ్నలు 149 దేశాల్లో అడిగారు. వాటితోపాటు మనసు ఎలా ఉందో తెలిపే ప్రశ్నలూ అడిగారు. ఆ సమాచారాన్ని ఆండ్రూ జోన్స్ అనే అమెరికా పరిశోధకుడు విశ్లేషించి 2017లో ప్రచురించాడు. తిండి భద్రత ఒక్కో మెట్టు తగ్గేకొద్దీ మనసు పరిస్థితి కూడా మెట్టు మెట్టుగా దిగజారింది. ఆదాయం, చదువు లాంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ బంధం చెరగలేదు. పేద దేశం, ధనిక దేశం అన్న తేడా లేకుండా ప్రపంచంలోని అన్ని ప్రాంతాల్లోనూ కనిపించింది.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకదానివల్లే రెండోది వచ్చిందనలేం. కుంగిపోయిన మనిషి పనికి పోలేడు, పనికి పోకపోతే ఇల్లు గడవదు. అలా రెండో వైపు నుంచీ దారి ఉంది. నిజానికి రెండు దారులూ ఉన్నాయి, ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. అలాగని తిండికి లోటున్న ప్రతివాళ్ళూ మానసిక రోగులనీ కాదు. ఎందరో తల్లులు ఆ దిగులు మోస్తూనే పిల్లల్ని నవ్వుతూ పెంచారు. వాళ్ళ నెత్తిన ఉన్న బరువు ఎంతటిదో తెలుసుకోవడమే మన పని.

ఆ బరువు ఒంట్లో ఎలా పనిచేస్తుందో చెబుతాను, వినండి.

మన మెదడు ఒంటి బరువులో నూటికి రెండు వంతులే. ఖర్చు మాత్రం మొత్తం శక్తిలో అయిదో వంతు. రక్తంలో చక్కెర తగ్గగానే మెదడు కంగారు పడుతుంది. ఎడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు విడుదలవుతాయి. చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, కోపం ముక్కుమీదకొచ్చి కూర్చుంటుంది. అన్నం వేళ దాటితే ఇంట్లో మనం విసుక్కునేది ఇందుకే. ఇది కాసేపటి సంగతి, రెండు ముద్దలు పడితే సర్దుకుంటుంది.

దిగులు అలా సర్దుకోదు. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగముంది. ముప్పు పసిగట్టగానే అది పిట్యూటరీ గ్రంథికి కబురు పెడుతుంది. ఆ గ్రంథి మూత్రపిండాల పైనున్న ఎడ్రినల్ గ్రంథులకి కబురు పెడుతుంది. అవి కార్టిసాల్‌ని రక్తంలోకి వదులుతాయి. పాము ఎదురైనా ఇదే ఏర్పాటు, అప్పులవాడు ఎదురైనా ఇదే ఏర్పాటు. పాము పోతుంది, కార్టిసాల్ దిగుతుంది. రేపటి బియ్యం దిగులు మాత్రం పొద్దున లేచేసరికి అక్కడే ఉంటుంది. బోరు మోటారు సంగతి మీకు తెలుసుగా. నీళ్ళు తోడినంతసేపు ఆడి ఆగిపోతే ఏళ్ళ తరబడి మన్నుతుంది, నీళ్ళు అందకపోయినా ఆపకుండా ఆడిస్తే వైండింగు కాలిపోతుంది. ఒంట్లో ఈ ముప్పు ఏర్పాటుదీ అదే తీరు. బ్రూస్ మెక్‌యూవన్ అనే శాస్త్రవేత్త జీవితమంతా ఈ అరుగుదల మీదే పనిచేశాడు. ఎడతెగని ఒత్తిడిలో ఉంచిన ఎలుకల మెదళ్ళలో, జ్ఞాపకానికి ముఖ్యమైన హిప్పోకాంపస్‌లోని నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోయాయని చూపించాడు. మనుషుల్లో ఎడతెగని ఒత్తిడి నిద్రని చెడగొడుతుంది, కుంగుబాటుకీ ఆందోళనకీ దారితీస్తుంది, రక్తపోటుని పెంచుతుంది.

దీనికితోడు పోషకాల లోటు. డబ్బు బిగిసినప్పుడు ఇంట్లో ముందు తగ్గేవి ఏమిటి? పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూరలు. చివరిదాకా ఉండేది అన్నం. కడుపు నిండుతుంది కానీ మెదడుకి కావాల్సినవి అందవు. మనసుని తేలిగ్గా, ఉత్సాహంగా ఉంచే సెరటోనిన్, డోపమిన్‌ల తయారీకి ఇనుము కావాలి. నరాలకి బి12 కావాలి, ఫోలేట్ కావాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. మన రెండు రాష్ట్రాలూ అటూ ఇటూగా అక్కడే ఉన్నాయి. నీరసం, విసుగు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రక్తహీనతలోనూ వస్తాయి, కుంగుబాటులోనూ వస్తాయి. ఇంటి కోడలు ఎప్పుడూ మొహం ముడుచుకుని ఉంటుందని అనేముందు ఆమె హిమోగ్లోబిన్ ఎంతో, ఆమె ఏ వేళకి ఏం తింటోందో చూడాలి తల్లీ!

మూడోది, ధ్యాస. మన పొరుగునే తమిళనాడులో విల్లుపురం, తిరువణ్ణామలై జిల్లాల్లో 464 మంది చెరకు రైతులకి ఒక పరీక్ష పెట్టారు. చెరకు కొట్టకముందు ఒకసారి, కొట్టి డబ్బు చేతికొచ్చాక ఒకసారి. చెరకు కొట్టకముందు అంటే కటకట రోజులు, నూటికి 78 మంది ఏదో ఒక వస్తువు తాకట్టులో పెట్టి ఉన్నారు. డబ్బొచ్చాక అలాంటివాళ్ళు నూటికి నలుగురే. బొమ్మల వరసలో తర్వాతిది ఏదో కనిపెట్టే పరీక్షలో, ధ్యాస నిలిపే పరీక్షలో అదే మనిషి కటకట రోజుల్లో తక్కువ చేశాడు, డబ్బొచ్చాక బాగా చేశాడు. ఆనంది మణి, సెంధిల్ ముల్లైనాథన్ తదితరులు 2013లో దీన్ని ప్రచురించారు. లెక్క కట్టిన పద్ధతి మీద విమర్శలూ వచ్చాయి. కానీ మిన్నెసోటాలో చూసింది గుర్తుందిగా? లోటు మనిషి తెలివిని తినేయదు, దాన్ని వేరే చోట కట్టేస్తుంది. పేదవాడు ముందుచూపు లేకుండా అప్పు చేశాడని తేలిగ్గా అనేస్తాం. ఈ వారం గడవడానికే బుర్రంతా ఖర్చయిపోతుంటే వచ్చే ఏడాది ఆలోచనకి మిగిలేది ఎంత?

ఈ భారం ఇంట్లో అందరి మీదా సమానంగా పడదు. మన ఇళ్ళలో ఆఖరున తినేది అమ్మ. నెలాఖరులో ఆ వంటింటి లెక్క చూడండి. డబ్బాలో బియ్యం మూడు గ్లాసులుంటాయి, తినేవాళ్ళు అయిదుగురు. రెండు గ్లాసులు పోసి, గంజి వార్చకుండా మెత్తగా వండుతుంది. పప్పులో మరో చెంబు నీళ్ళు పడతాయి. పిల్లలకీ భర్తకీ అత్తగారికీ పెట్టాక, నాకు ఆకలి లేదు, కడుపులో మంటగా ఉంది అంటుంది. తూర్పు ఆఫ్రికాలో టాంజానియా పల్లెల్లో జరిపిన పరిశోధనల్లోనూ ఇదే కనబడింది. తిండికి లోటున్న ఇళ్ళ తల్లుల్లో ఆందోళన, కుంగుబాటు ఎక్కువ. ఋతువుతోపాటు ఇంట్లో తిండి పరిస్థితి మారితే, వాళ్ళ మనసు పరిస్థితి కూడా దాని వెంటే మారింది.

పిల్లలకి ఏం తెలుస్తుందిలే అనుకుంటాం. అన్నీ తెలుస్తాయి. అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రంలో పరిశోధకులు పిల్లల్నే అడిగారు. అమ్మ తినలేదని వాళ్ళకి తెలుసు. నాకొద్దు అని తమ్ముడికి పెట్టిన పిల్లలున్నారు, తక్కువ తిని సర్దుకున్న పిల్లలున్నారు. మా పిల్లలకి మేమేం తెలియనివ్వలేదని ఆ తల్లిదండ్రులు నమ్ముతూనే ఉన్నారు. బడిలో పరధ్యానంగా కూర్చునే పిల్లవాడిని గద్దించే ముందు, పొద్దున ఏం తిని వచ్చావు నాన్నా అని పంతులుగారు అడగాలి.

ఇంకా వెనక్కి, అమ్మ కడుపులోకి కూడా ఈ కథ వెళుతుంది. 1944–45 చలికాలంలో నాజీల దిగ్బంధంలో నెదర్లాండ్స్ పడమటి పట్టణాలు అల్లాడాయి. జనం ట్యూలిప్ దుంపలు తిని ప్రాణం నిలుపుకున్నారు. ఆ కరువు తారస్థాయిలో ఉన్నప్పుడు కడుపున పడ్డ పిల్లల్లో, పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక రోగం దాదాపు రెట్టింపు కనబడింది. 1959–61 చైనా కరువులో పుట్టినవాళ్ళని పరిశీలించినా అలాగే తేలింది. అందరికీ వచ్చిందని కాదు, వచ్చినవాళ్ళు కొద్దిమందే. కానీ ఒక చలికాలపు ఆకలి దశాబ్దాల తర్వాత కూడా ఆసుపత్రి రికార్డుల్లో కనబడిందంటే గర్భిణికి పెట్టే అన్నం విలువ ఎంతో ఆలోచించండి.

మరి మందేమిటి? అన్నం. దాంతోపాటు, రేపు కూడా అన్నం ఉంటుందన్న భరోసా. ఇవాళ నేను మీకు చెప్పదలచుకున్నది ఇదే. ఈ రెండూ వేర్వేరు మందులు, రెండూ కావాలి.

కెన్యా పడమటి పల్లెల్లో 2011–13 మధ్య ఒక స్వచ్ఛంద సంస్థ పేద కుటుంబాలకి ఏ షరతూ లేకుండా డబ్బిచ్చింది. ఎవరికివ్వాలో చీటీ పద్ధతిలో తేల్చారు కాబట్టి, అందనివాళ్ళతో పోల్చి చూడడానికి వీలైంది. డబ్బు అందిన ఇళ్ళలో తిండి మెరుగైంది. మనసులో ఒత్తిడి తగ్గింది, సంతోషం పెరిగింది. మాత్ర లేదు, సలహా లేదు. ఇల్లు గడుస్తుందన్న ధైర్యం ఒక్కటే.

ఈ సంగతి మన నేలకి కొత్త కాదు. గోదావరి లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళ కాని వేళ వచ్చినవాళ్ళకి కూడా వండి పెట్టారు. ఆ దారిన పోయేవాళ్ళకి ఆ ఇంట అన్నం దొరుకుతుందన్నది సందేహం లేని సంగతి. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టారు. 1983లో ఉమ్మడి రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు పేద ఇళ్ళకి బియ్యంతోపాటు, వచ్చే నెలా ఇంతే ఉంటుందన్న నిశ్చింత కూడా అందింది. బడిలో వండిన అన్నం పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2013 ఆహార భద్రతా చట్టం అర్హులైన కుటుంబాల్లో మనిషికి నెలకి అయిదు కిలోల తిండిగింజలు హక్కుగా రాసింది. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీలోనే కూర్చుని ఒక పూట పూర్తి భోజనం చేస్తారు. అక్కడే ఎందుకంటే, సరుకు ఇంటికి వెళితే అందరూ తిన్నాకే ఆమె వంతు వస్తుంది.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. 1990ల్లో ఆ సంస్థ సంఘాల్లోని దళిత మహిళలు చేసింది నాకు మరీ గొప్పగా తోస్తుంది. బీడుపడ్డ చెలకల్ని సాగులోకి తెచ్చి, జొన్నలు పండించి, ఊళ్ళోనే ధాన్యనిధి పెట్టుకున్నారు. ఊళ్ళో ఎవరు ఎంత ఇబ్బందిలో ఉన్నారో వాళ్ళే కూర్చుని తేల్చి, కష్టకాలంలో ఆ ఇళ్ళకి తక్కువ ధరకి ఇచ్చారు. గింజ ఊళ్ళోనే ఉంది, తాళంచెవి తమ చేతిలోనే ఉంది. అంతకన్నా భరోసా ఏముంటుంది?

భరోసాకి చిల్లు పడే చోట్లు కూడా చూడాలి. రేషను షాపులో యంత్రం మీద ముసలమ్మ వేలిముద్ర పడదు. కూలి పనికి అరిగిపోయిన వేళ్ళు అవి. రేపు రా అంటారు. రేపు సర్వరు పనిచేయదు. చివరికి బియ్యం ఇచ్చినా, ఆ మూడు రోజులూ ఆమె పడ్డ దిగులు ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. పథకం గొప్పదే కావచ్చు. ఇస్తారో లేదో అన్న అనుమానం మిగిల్చిందంటే అది సగమే పనిచేసినట్టు. ఇచ్చేవాళ్ళ మాట తీరు కూడా తిండిలో భాగమే. విదిలించినట్టు పెట్టిన అన్నం కడుపు నింపుతుంది, మనసుని గాయపరుస్తుంది.

ఇక మీరు చేయగలిగినవి. మీలో డాక్టర్లవుతున్నవాళ్ళున్నారు, టీచర్లున్నారు. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం 2015లోనే తమ డాక్టర్లకి ఒక సలహా ఇచ్చింది. వచ్చిన ప్రతి కుటుంబాన్నీ తిండికి ఇబ్బందవుతోందా అని రెండు చిన్న ప్రశ్నలు అడగమంది. మనమూ అడగాలి. నిద్ర పట్టడం లేదని వచ్చినామెకి మాత్ర రాసేముందు, నెలాఖరుకి సరుకులు సరిపోతున్నాయా అమ్మా అని అడగండి. రేషను కార్డు, అంగన్‌వాడీ, పింఛను వీటిల్లో ఏది అందడం లేదో కనుక్కుని దారి చూపండి. అది కూడా వైద్యమే. మనసు బాగా కుంగిపోయినవాళ్ళకి తిండితోపాటు మాట సాయమూ కావాలి. ప్రభుత్వం 2022 నుంచి నడుపుతున్న టెలీ మానస్‌కి 14416 నంబరుకి ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చుండదు. ఈ నంబరు మీ ఫోనుల్లో వేసుకోండి, నలుగురికీ చెప్పండి.

మీ ఇంట్లో పనిచేసే మనిషికి, మీ దగ్గర కూలికొచ్చే మనిషికి జీతం ఇస్తానన్న తారీఖునే ఇవ్వండి. అయిదో తారీఖు అంటే అయిదో తారీఖే. మీకది రెండు రోజుల ఆలస్యం, ఆ ఇంటికి రెండు రాత్రుల నిద్ర. ప్రభుత్వాలు రేషను, బడి భోజనం, పింఛను తప్పకుండా వేళకి ఇచ్చేలా అడగడం కూడా అలాంటి బాధ్యతే. మానసిక ఆరోగ్యానికి ఆసుపత్రులు కావాలి, మందులు కావాలి, కాదనను. కానీ ఆ ఖాతాలో మొదటి పద్దుగా రాయాల్సింది మాత్రం ప్రతి ఇంటికీ నెలంతా సరిపడే తిండి.